కాటా కాడ

పోయిన వేసవిలో ఓ స్నేహితురాలు ఫోన్ చేసి, "నీ వ్యాసం కింద లింక్ ఉంది కదా, దాన్నే నొక్కి పుస్తకం కొన్నానే. పనిలో పనిగా మిక్సీ కూడా" అంది. నేను చాలా సంతోషించాను. పుస్తకం కంటే మిక్సీకి ఎక్కువ సంతోషించాను, అబద్ధమెందుకు. ఆ లింక్ మీద వెళ్ళినవాళ్ళు ఏం కొన్నా నాకింత కమీషన్ వస్తుంది.

రెండ్రోజులాగి డాష్‌బోర్డ్ తెరిచాను. ఆ వారం క్లిక్కులు 41. ఆర్డర్లు 0.

మెయిల్ పెట్టాను. అర్హత ఉన్న అమ్మకాలన్నీ మా సిస్టమ్‌లో నమోదయ్యాయి, ధన్యవాదాలు అని జవాబొచ్చింది. కొన్న మనిషి నాకు తెలుసు, మిక్సీ వాళ్ళ వంటింట్లో తిరుగుతోంది అని ఎవరికి చెప్పుకోను? పోయింది మహా అయితే 150 రూపాయలు. కానీ ఆ సున్నా నన్ను నిద్రపోనివ్వలేదు. ఈ ఒక్కటి నాకు తెలిసింది కాబట్టి సరే, అంతకుముందు రెండేళ్ళ సంగతేమిటి?

ఇది నడిచే పద్ధతి పైకి సులువుగానే ఉంటుంది. లింక్ తోకలో నా కోడ్ ఉంటుంది. నొక్కగానే మీ బ్రౌజర్‌లో ఓ చిన్న కుకీ పడుతుంది. మీరు డబ్బు కట్టేటప్పుడు దుకాణం ఆ కుకీని చూసి, వీళ్ళని పంపింది ఫలానా మనిషి అని నా పేరున రాస్తుంది. ఈ కుకీని 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసే లూ మాంటుల్లి తయారుచేశాడు. అమెజాన్ 1996లో అసోసియేట్స్ మొదలుపెట్టాక, నీ దుకాణానికి నేను మనుషుల్ని పంపుతా, నాకు వాటా ఇవ్వు అనే ఒప్పందం లోకమంతా పాకింది. నేను చేరింది అంత పెద్దదేం కాదు.

కుకీకి గడువుంటుంది, కొన్నిచోట్ల ఒక్కరోజే. ఫోన్‌లో నొక్కి లాప్‌టాప్‌లో కొంటే గల్లంతు. సఫారీ లాంటి బ్రౌజర్ 2020 నుంచి బయటివాళ్ళ కుకీలని అసలు రానివ్వడం లేదు. అన్నిటికంటే చిత్రమైంది, చాలాచోట్ల చివరి క్లిక్ ఎవరిదైతే కమీషన్ మొత్తం వాళ్ళదే. వ్యాసం చదివించి, ఒప్పించి పంపినవాడికి ఏమీ రాదు, గుమ్మం దగ్గర కూపన్ చేతిలో పెట్టినవాడికి అంతా వస్తుంది. 2024 డిసెంబర్‌లో మెగాలాగ్ అనే యూట్యూబర్, పేపాల్ చేతిలో ఉన్న హనీ అనే కూపన్ ఎక్స్‌టెన్షన్ ఇలాగే ఇతరుల కోడ్ తీసి తన కోడ్ పెట్టుకుంటోందని ఆరోపించాడు. చివరి క్లిక్ పద్ధతి ఈ రంగంలో మామూలేనని వాళ్ళు సమాధానమిచ్చారు. నన్ను భయపెట్టింది ఆరోపణ కాదు, ఆ "మామూలే".

మా నాయిన పత్తి బండితో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కి వెళ్ళేప్పుడు చిన్నప్పుడు ఒకట్రెండుసార్లు నన్నూ తీసుకెళ్ళాడు. జెండా పాటలో పలికిన ధర మా బస్తాల దాకా ఎప్పుడూ రాలేదు. తేమ అనేవాళ్ళు, తరుగు అనేవాళ్ళు. అడ్తిదారు తక్‌పట్టీ రాసి చేతిలో పెట్టేవాడు. మోసం లేదని కాదు. కానీ హమాలీలు బస్తా ఎక్కించినప్పుడల్లా నాయిన కాటా కాడికి పోయి, మెడ వంచి ముల్లు చూసేవాడు. నేను నీళ్ళు తాగొస్తానంటే "నువ్వు పో బిడ్డా, నేనీడనే ఉంట" అనేవాడు. ఎండలో అక్కడ్నుంచి కదిలేవాడు కాదు.

డాష్‌బోర్డ్ కూడా తక్‌పట్టీ లాంటిదే. కాటా మాత్రం వాళ్ళింట్లో ఉంది. డబ్బు ఇవ్వాల్సినవాడే తూకం వేస్తాడు, వాడే రాస్తాడు, ముల్లు నాకు కనపడదు.

కంపెనీలకీ వాళ్ళ బాధలున్నాయి. ఈబేకి లింకులు పంపే షాన్ హోగన్ అనే ఆయన, ఎవరూ ఏమీ నొక్కకుండానే జనాల బ్రౌజర్లలో తన కుకీలు పడేలా చేసి, తర్వాత వాళ్ళెప్పుడో ఈబేలో కొన్నవాటికి కమీషన్ లాగాడు. నేరం ఒప్పుకున్నాడు, 2014లో ఐదు నెలల జైలు పడింది. లోపలి లెక్క చూపిస్తే ఇలాంటివాళ్ళు దారులు వెతుక్కుంటారని వాళ్ళ వాదన. కొంత నిజమే. అంతమాత్రాన నా 41 క్లిక్కుల్లో ఏది ఎక్కడ తప్పిపోయిందో నాకు చెప్పకూడదా? ఆర్డర్ చూపించనక్కర్లేదు, గడువు దాటిందో, ఇంకొకళ్ళ కోడ్ పైన పడిందో, ఆ కారణం ఒక్కటి చెప్పినా చాలు.

చివరికి ఆరా తీద్దామని స్నేహితురాలికే ఫోన్ చేశాను. ఏ ఫోన్‌లో నొక్కావు, యాప్ తెరుచుకుందా, కూపన్ వాడావా? లింక్ ఫోన్‌లో నొక్కిందట, రాత్రి వాళ్ళాయన లాప్‌టాప్‌లో కూపన్ పెట్టి కొన్నారట. నా 150 పోవడానికి కనీసం రెండు దారులు దొరికాయి.

"ఇవన్నీ ఎందుకే?" అంది. చెప్పాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే నేను కొంటే నీకు డబ్బులొస్తాయా? నాకు తెలీదే" అంది. కోపంగా కాదు. ఇంకో క్షణమాగి, "ఇంతకీ ఆ పుస్తకం నీకు నిజంగా నచ్చిందా?" అంది.

నచ్చింది. నచ్చిందనే చెప్పాను. కానీ ఆ మాట నా గొంతులోనే నాకు కొత్తగా వినపడింది. రెండేళ్ళుగా ఏ వ్యాసం కిందా ఈ లింక్‌కి నాకు డబ్బులొస్తాయని రాయలేదు. ఇన్‌ఫ్లుయెన్సర్లు ఇలాంటివి చెప్పి తీరాలని మనదేశంలో ప్రకటనల మండలి 2021లోనే నియమాలు పెట్టింది. అవి రీల్స్ చేసేవాళ్ళకి, పుస్తకాల గురించి రాసుకునే నాకెందుకులే అనుకున్నాను.

ఆ ఆదివారం పాత వ్యాసాలు 63 తెరిచి ఒక్కోదాని మొదట్లో, కింద కాదు, ఆ వాక్యం చేర్చాను. చేరుస్తూ ఓ నవల మీద రాసింది మళ్ళీ చదివాను. అప్పటి నా నోట్సు పుస్తకంలో "సగం తర్వాత సాగదీశాడు" అని ఉంది. వ్యాసంలో ఆ మాట లేదు. లింక్ కోసమే తీసేశానా అంటే ప్రమాణం చేసి చెప్పలేను, ఎందుకు తీశానో నాకే గుర్తులేదు.

ఆ వాక్యం మళ్ళీ పెట్టాను. లింక్ అలాగే ఉంచాను. పోయిన నెల క్లిక్కులు 29, ఆర్డర్లు 2 అని ఉంది.