ఎర్ర కాడ

మిషిగన్‌లో ఉన్న మా చెల్లెలు కిందటి చలికాలంలో ఒక ఫోటో పంపింది. పెరడంతా మంచు. మధ్యలో ఆకన్నది లేని పొద, కాడలన్నీ కుంకుమ రంగులో. డాగ్‌వుడ్ అంటారుట. శీతాకాలంలో ఆ కాడల రంగు చూసుకోవడానికే పెంచుతారుట. లేత కాడకే ఆ ఎరుపు. ముదిరితే మాసిపోతుంది కనక చలి వెనకబడుతుండగా పాత కాడల్ని మొదలంటా నరికేస్తారు. "అమ్మ ఎర్రబచ్చలి గుర్తొచ్చిందే అక్కా" అని కింద రాసింది.

నాకూ అదే గుర్తొచ్చింది. బెజవాడ చలికి ఆకులు రాలవు. కాడ రంగు కనబడాలంటే మనమే ఆకు కోయాలి. పప్పులోకి అమ్మ ఆకులు కోసేశాక గ్రిల్లు మీద మిగిలిన తీగ ఎర్రగా మెరిసేది. ముదిరిన చోట కత్తిరించేసేది. గణుపు దగ్గర మళ్ళీ ఎర్రటి చిగురు. పొద్దు తగ్గే రోజుల్లో పూసి కాసేది. నల్లగా పండిన పళ్ళు చిదిమి మేం గోళ్ళకి పూసుకునేవాళ్ళం.

సాహిత్యంలో తీగ అనగానే చెట్టుని అల్లుకున్న స్త్రీ. పీహెచ్‌డీ కోసం ప్రబంధాలు చదువుతూ ఈ పోలికతో విసిగిపోయాను. బచ్చలికి చెట్టు అక్కర్లేదు, దండెం చాలు.

ఆ తీగ అమ్మ పుట్టింటిది. 1984లో పెళ్ళై, అవనిగడ్డ దగ్గరి ఊరి నుంచి వస్తూ తడిగుడ్డలో రెండు కాడలు చుట్టి తెచ్చుకుంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి సమాన వాటా ఇస్తూ 1986లో మన రాష్ట్రం చేసిన చట్టం, 1985 సెప్టెంబర్ 5కి ముందు పెళ్ళయిన వాళ్ళని వదిలేసింది. మనం గొప్పగా చెప్పుకునే చట్టమే! 2005లో కేంద్రం ఆ తేడా తీసేసే నాటికి మామయ్యల పంపకాలు రిజిస్టరు కూడా అయిపోయాయి. ఆ రోజు అమ్మని పిలవనైనా పిలవలేదు.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు సింగ్ నగర్‌ని ముంచేసింది. నీళ్ళు తీశాక వెళ్తే బీరువా, ఫ్రిజ్, నా థీసిస్ కాపీ అన్నీ బురదే. అమ్మ మాత్రం ముందు గ్రిల్లు దగ్గరికి నడిచింది. తీగ మొదలంటా కుళ్ళిపోయింది.

కార్తీకంలో పుట్టింటికి వెళ్ళొచ్చింది. సంచిలో తడిగుడ్డ. అందులో మళ్ళీ రెండు కాడలు, అత్తయ్య పెరట్లోవి. కింది ఆకులు తుంచి, రెండు గణుపులు మట్టిలోకి పోయేలా పెయింటు డబ్బాలో గుచ్చింది.

ఇప్పుడది దండెం దాకా పాకింది. మొన్న కందబచ్చలి కూరకి ఆకు కోస్తుంటే, ఉండబట్టలేక అడిగాను.

"పొలం అడగాలని ఎప్పుడూ అనిపించలేదా అమ్మా?"

"అడిగితే మీ అత్తయ్య ఈ కాడైనా ఇచ్చేదా?"

కోపంగా అనలేదు. కంద నా ముందుకి తోసి, దురద పెడుతుంది, చేతులకి నూనె రాసుకోమంది.