బుధవారం ప్రయాణం

మా నాన్నగారికి ఎనభై ఆరేళ్ళు. వినాయక చవితి వెళ్ళిన మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ, "అమ్మడూ, ఒకసారి జలాపుట్ వెళ్ళి ఒక రాత్రి గట్టుమీద పడుకుని చేపలు పట్టుకొద్దామే" అన్నారు. సంతకి వెళ్ళి కూరలు తెచ్చుకుందాం అన్నంత తేలిగ్గా అన్నారు. పెద్దాయన ఏదో సరదాకి అన్నారులే అని నేను ఊరుకున్నాను. మర్నాడు మావారిని పిలిచి అటక మీది గాలపు కర్రలు దింపించారు. అప్పుడు గాని నాకు భయం పట్టుకోలేదు.

కోరాపుట్ వైపు పాఠకులకు జలాపుట్ గురించి చెప్పనక్కరలేదు. మిగతావారి కోసం నాలుగు ముక్కలు. హుకుంపేట మండలంలో మఠం అనే ఊరి దగ్గర మత్స్యగుండం ఉంది. అక్కడి మడుగులో చేపల్ని దేవుడిగా కొలుస్తారు, మేత వేస్తారు తప్ప ఎవరూ పట్టరు. ఆ ఏరే కిందికొచ్చి మాచ్‌ఖండ్ నది. ఆ నదికి అడ్డంగా కొండల నడుమ కట్టిన ఆనకట్ట వెనక నిలిచిన నీరు జలాపుట్. నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 2,750 అడుగులు. ఒక గట్టు ఒడిశాది, ఎదర గట్టు ఆంధ్రాది. ఇంకా దిగువన డుడుమా జలపాతం, లోయ అడుగున 1955లో మొదలైన కరెంటు కేంద్రం. రెండు రాష్ట్రాల ఉమ్మడి సొత్తు. ఆ కేంద్రానికి వించి ఎక్కి దిగాలి. చిన్నప్పుడు ఒకసారి ఎక్కాను, మావయ్య చెయ్యి వదల్లేదు.

మా తాతల నాడు జయపురం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. మేం ఎక్కడికీ కదల్లేదు, సరిహద్దు గీతే కదిలింది. నాన్న 1961లో ప్రాజెక్టులో చేరి, పదహారేళ్ళు జలాపుట్ క్యాంపులో ఉన్నారు. మేమంతా అక్కడి క్వార్టర్లలోనే పుట్టాం. అన్నయ్యలిద్దర్నీ ఆదివారం ఆదివారం నాన్న చేపలకి తీసుకెళ్ళేవారు. నన్ను తీసుకెళ్ళలేదు. ఆడపిల్లననే అనుకునేదాన్ని. అమ్మ ఆ నీటి ఒడ్డుకి దిగేది కాదు, ఆ చేప వండేది కాదు. నాన్న పట్టినవన్నీ పక్క క్వార్టర్ల వాళ్ళకి పోయేవి. జయపురం వచ్చాక బజారు చేప మాత్రం శుభ్రంగా వండేది. ఎందుకలా అని అడగాలని కూడా మాకెవరికీ తోచలేదు. పిల్లలకి ఇంట్లో అలవాటైపోయిన సంగతులు వింతగా అనిపించవు కదా. అమ్మ పోయి రెండేళ్ళయింది.

సరే, వెళ్ళాలంటే ఎప్పుడు వెళ్ళాలి? మా ఇంట్లో మొదటి గొడవ ఇక్కడే. వానాకాలంలో నీరు ఎర్రగా ఉంటుంది, చేపకి ఎర కనబడదు అన్నారు నాన్న. పుష్యమాసం వచ్చిందంటే చలికి చేప అడుగున పడుకుని నోరు విప్పదట. మంచి రోజులు మధ్యలోనే. ఆ మధ్యలోనేమో కార్తీకమాసం! అందులోనూ మాది రెండు కార్తీకాల ఇల్లు. మా కోడలు ఒడియా అమ్మాయి. వాళ్ళ కార్తీకం ఆశ్వయుజ పౌర్ణమి దాటగానే మొదలై కార్తీక పౌర్ణమితో అయిపోతుంది. మనది దీపావళి మర్నాడు మొదలై అమావాస్య దాకా సాగుతుంది. రెండూ కలిపితే నెలన్నర రోజులు ఇంట్లో నీచు వాసన ఉండదు. పౌర్ణమి మర్నాడు వాళ్ళ పుట్టింట్లో ఛాడఖాయి అని చేపా మాంసం తింటూ ఉంటే, పాపం ఇక్కడ మా కోడలు మాతోపాటు ఇంకో పదిహేను రోజులు బీరకాయ తింటుంది. ఒక్కరోజూ ఏమీ అనలేదు. నేనే అంటున్నాను.

కార్తీకం దాటితే మార్గశిరం. మార్గశిర లక్ష్మివారాలు ఇరుపక్షాలకీ పూజ. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, శుక్రవారం అమ్మవారికి, శనివారం వెంకన్నకి. వారంలో చేపకి మిగిలినవి ఆదివారం, బుధవారం. ఆదివారం పిక్నిక్కుల వాళ్ళు పాటల పెట్టెలతో వస్తారు, ఆ మోతకి చేప ఒడ్డుకి రాదన్నారు నాన్న. ఇక బుధవారం. లక్ష్మివారం పొద్దున్న తిరుగు ప్రయాణంలో ఒనకడిల్లి సంత కూడా చూడొచ్చు. కొండల మీంచి బోండాలు, గదబలు దిగివచ్చే సంత అది. ఇలా దేవుళ్ళందర్నీ అడిగి, కార్తీక అమావాస్య వెళ్ళాక వచ్చే మొదటి బుధవారం ఖాయం చేశాం.

రెండో పని అనుమతి. నాన్న రోజుల్లో గాలం వేసుకోవడానికి ఎవర్నీ అడగక్కరలేదు. ఇప్పుడు జలాశయాల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలకి లీజుకిస్తున్నారు. మనం పట్టేది నాలుగు చేపలే అయినా అవి వాళ్ళవి. మావారు అక్కడి సంఘంలో ఒకాయన్ని ఫోనులో పట్టుకున్నారు. ఆయన ఒడియాలో మొదలుపెట్టి, నాన్న పేరు విన్నాక తెలుగులోకి వచ్చాడు. వాళ్ళ నాన్న మా నాన్నని ఎరుగునట. "గాలంతో అయితే వేసుకోండి బాబూ, పడ్డది తూచి డబ్బు కట్టండి. వల మాత్రం వద్దు. ఆనకట్ట దాపున కూర్చోకండి, వాళ్ళు లేపేస్తారు" అన్నాడు. రాత్రి ఉండే సంగతి ముందే ఠాణాలో చెప్పమన్నాడు. ఎలుగులు తిరుగుతాయి, మిగిలిన తిండి బయట పెట్టొద్దని కూడా చెప్పాడు. ఇది విని మావారి ఉత్సాహం సగానికి దిగింది.

మూడోది, అసలుది, మా పెద్దన్నయ్య. బెంగుళూరు నుంచి ఫోను చేసి కేకలేశాడు. "ఆ వయసులో ఆయన్ని అడవిలో నేలమీద పడుకోబెడతావా చెల్లీ? అక్కడి మలేరియా సంగతి నీకు తెలీదా?" తెలుసు. కోరాపుట్ మలేరియా పేరు చెబితే ఒకప్పుడు బదిలీలు రద్దు చేయించుకునేవారు. 2017 నుంచి ఒడిశా ప్రభుత్వం 'దమన్' పేరిట మారుమూల ఊళ్ళన్నింటా రక్తపరీక్షలు చేసి మందులిస్తూ వచ్చింది, దోమతెరలు పంచింది. జ్వరాలు బాగా తగ్గాయి. ఆ మాటే చెప్పాను. "తగ్గడం వేరు, పోవడం వేరు" అన్నాడు. కాదనడానికి లేదు. చిన్నన్నయ్య మాత్రం "నాన్న ఇష్టం" అని ఊరుకున్నాడు. వాడు అన్నిటికీ అలాగే అంటాడు.

మా అబ్బాయి ఒక గుడారం తెప్పించాడు. ముందు మేడమీద వేసి చూద్దామన్నాడు. ఆ రాత్రి గుడారంలో నాన్న, వాడు. బయట చాప మీద నేను. నాన్న లోపలికి దూరడం బాగానే దూరారు. అర్ధరాత్రి దాటాక లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. నేనూ మా అబ్బాయీ చెరో రెక్కా పట్టుకుని లేపాం. ఇంక ప్రయాణం లేదనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం తేలికగా కూడా అనిపించింది. పెద్దన్నయ్యకి చెప్పడానికి ఒక కారణం దొరికింది.

మావాడు మళ్ళీ నిద్రపోయాడు. నాన్న పిట్టగోడ దగ్గర కుర్చీలో కూర్చున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "పెద్దాణ్ణి చూసి రావాలమ్మా" అన్నారు.

"వాడే వస్తాడు నాన్నా, సంక్రాంతికి."

"వాడు కాదు."

మేం పెద్దన్నయ్య అని పిలిచేది నిజానికి రెండోవాణ్ణి. ఆ సంగతి నాకు లీలగా తెలుసు. ముందొక పిల్లాడు పుట్టి పోయాడని ఎప్పుడో పిన్ని అంది. అమ్మ నోటంట ఒక్కనాడూ వినలేదు. 1966లో, శ్రావణమాసంలో, మూడేళ్ళ పిల్లాడికి జ్వరం తలకెక్కింది. రెండు రోజులు. ఎడతెరిపి లేని వాన, బండి కదిలే దారి లేదు. మూడేళ్ళ పిల్లాడు కాబట్టి దహనం లేదు. నాన్నకి గాలం వెయ్యడం నేర్పిన ఒక పరజ పెద్దాయన ఉండేవాడు, నాన్న ఆయన్ని 'మావా' అని పిలిచేవారట. ఆయన ఊరు ఆ నీటికిందే ఉంది. ఎండాకాలం నీరు తగ్గితే, "అదిగో ఆ చింతమోడు దగ్గరే మా కళ్ళం" అని చూపించేవాడట. ఆ మావే గట్టు పైన, నీరెప్పుడూ ఎక్కని చోటు చూసి, తనే తవ్వి పెట్టాడు. "మా ఊరు పోయింది గాని ఈ చోటు పోదు" అన్నాడట.

"మీ అమ్మ అటు చూడలేకపోయింది. నేను చూడకుండా ఉండలేకపోయాను. ఆదివారం ఆదివారం వెళ్ళి అక్కడే కూర్చునేవాణ్ణి. ఊరికే కూర్చుంటే నలుగురూ అడుగుతారు. గాలం చేతిలో ఉంటే ఎవరూ అడగరు" అన్నారు నాన్న.

నన్నెందుకు తీసుకెళ్ళలేదని నలభై ఏళ్ళు మనసులో పెట్టుకున్నాను. ఆ రాత్రి అడిగాను. "ఇద్దరు మగపిల్లలు నాతో వస్తే, అమ్మ దగ్గర ఒకరు ఉండొద్దూ?" అన్నారు.

తెల్లారాక నేనే పెద్దన్నయ్యకి ఫోను చేశాను. విన్నది విన్నట్టు చెప్పాను. వాడు చాలాసేపు పలకలేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను. "మేం కూర్చునే చోటు పైన ఒక జామచెట్టు ఉండేది. దాని కాయలు కొయ్యనిచ్చేవారు కాదు నాన్న" అన్నాడు. కాసేపటికి, "బుధవారమేనా?" అన్నాడు. ఆఫీసులో రెండు రోజులు సెలవు పెట్టి మంగళవారం రాత్రికే వస్తానన్నాడు. నవారు మంచం ఒకటి బండి మీద కట్టించమని నాకే పురమాయించాడు. నేలమీద పడుకోబెట్టే సమస్య దాంతో తీరింది. దోమతెర మంచానికి వేరే, గుడారానికి వేరే.

సంఘం ఆయన్ని మళ్ళీ అడిగాం. జామచెట్టు లేదట, ఆ పక్క ఎప్పుడో నీలగిరి మొక్కలు వేశారట. నాన్నకి ఈ మాట చెప్పాలా వద్దా అని నేనూ మావారూ ఒక పూటంతా తర్జనభర్జన పడ్డాం. చివరికి చెప్పాం. "చెట్టు పోతే నేమిటి, గట్టు వంపు నాకు తెలుసు" అన్నారు.

ఇప్పుడు మా ఇంట్లో జాబితా ఒకటి బీరువా తలుపుకి అంటించి ఉంది. బియ్యం, చింతపండు, ఉల్లిపాయలు, గానుగ నూనె, పులుసుకి మట్టిదాక, టార్చిలైట్లు, కంబళ్ళు, నాన్న రక్తపోటు మాత్రలు, లమ్తాపుట్‌లో డాక్టరు ఫోను నంబరు. చేపల సరంజామా మాత్రం నాన్న తన చేత్తో రాశారు. జెల్లలకి వానపాములు, శీలావతికి గోధుమపిండిలో తవుడు కలిపిన ముద్దలు. ఎర్రచీమల గుడ్లు దొరికితే అంతకన్నా మంచిది లేదట. బెండుకి నెమలి ఈక కాడ. ఇప్పచెక్క తేవద్దని కింద గీత గీసి మరీ రాశారు. దాన్ని నీళ్ళలో కలిపితే చేపలు చచ్చి తేలతాయి. అది చేపలు పట్టడం కాదు, దొంగతనం అంటారు. అన్నిటికన్నా కింద, వంకరగా, 'మరమరాల ఉండలు' అని ఉంది. అవి ఎరకా అని మా అబ్బాయి అడగబోయాడు. కోడలు వాడి చెయ్యి నొక్కింది.

రోజూ సాయంత్రం వరండాలో నాకు పాఠం. దారం గాలం చెవిలోంచి దూర్చి, దాని చుట్టూ అయిదు మెలికలు వేసి, కొసని వెనక్కి మొదటి కంతలోంచి తియ్యాలి. బిగించే ముందు ఉమ్మితో తడపాలి, లేకపోతే నైలాను రాపిడికి బలం పోతుంది. నాన్న వేళ్ళు వణుకుతాయి, కాని ముడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకో వణకవు. నిన్న నేను కట్టింది పట్టుకుని గట్టిగా లాగారు. జారిపోయింది.

"జెల్ల అయితే ఈపాటికి అవతలి గట్టుకి పోయేది. మళ్ళీ కట్టు" అన్నారు. ఇంకా పదకొండు రోజులుంది.