గడ్డికి కాపలా

చెన్నేకొత్తపల్లిలో బస్సు దిగేసరికి పొద్దు బాగా ఎక్కింది. బెంగళూరు నుంచి అనంతపురం పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆగకుండా దాటిపోయే ఊళ్లలో ఇదొకటి. నేను పోవాల్సింది పక్కనున్న ముష్టికోవెల కొండల్లోకి. అక్కడ పెద్ద గుళ్లు లేవు, జలపాతాలు లేవు. మూడు దశాబ్దాలుగా ఊళ్లవాళ్లు కాచుకుంటున్న కల్పవల్లి అనే అడవి ఉంది. దాన్ని కాళ్లారా తిరిగి చూడాలని చాన్నాళ్లుగా కోరిక.

పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు. అదీ అదనుకు పడదు. దానికి తోడు ఊరూరా శెనక్కాయ ఒక్కటే వేయడం, బోరు ఎండితే ఇంకో బోరు, అప్పు మీద అప్పు, ఆఖరికి బెంగళూరుకు వలస. కొండల్ని కట్టెలకూ బొగ్గులకూ నరికి నరికి గుండు చేశారు. అలాంటి చోట 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ల మిత్రులు 32 ఎకరాల బీడు కొని టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ మొదలుపెట్టారు. బబ్లూ అంతకుముందు ఏళ్ల తరబడి ఈ ప్రాంతపు కూలీల సంఘాలతో పనిచేసినవాడు. ఆ బీడులో కనబడిందేమిటంటే, చెట్టును నరికినా కింద వేరు చావలేదు. గొడ్డలినీ మంటనూ దూరంగా ఉంచితే రెండు మూడు వానలకు మోడు చిగురేసింది. అది చూసి ముష్టికోవెల వాళ్లు తమ కొండను కాయడం మొదలుపెట్టారు. తర్వాత ఒక్కో ఊరూ వచ్చి కలిసింది. ఇప్పుడు కల్పవల్లి దాదాపు 9 వేల ఎకరాలు.

నన్ను కొండెక్కించిన పెద్దాయన ఇక్కడ వాచర్. అరవై దాటి ఉంటాయి. నాకంటే ముందు నడుస్తూ, ఆయాసం లేకుండా మాట్లాడుతున్నాడు.

"చేనికి కాపలా ఉంటారు గానీ గడ్డికి కాపలా ఏందని ఊర్లో నవ్వినారు నాయనా. ఇప్పుడు ఆ నవ్వినోళ్ల జీవాలే ఈడ మేసేది."

మాఘం దాటిందంటే బోదగడ్డి నడుమెత్తున కాగితంలా ఎండిపోయి ఉంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు. పాత గడ్డి కాలిస్తే వానకు లేత పచ్చిక వస్తుందని నిప్పు పెట్టే అలవాటు కూడా కాపరుల్లో పాతదే. అందుకని ఏటా గీతలు గీస్తారు. ఒక గీత వెంట చాలాసేపు నడిచాను. బండిబాట వెడల్పున గడ్డి కోసి, మిగిలిన దుబ్బులు పారతో చెక్కి, ఎర్రమట్టి తేలేదాకా ఊడ్చారు. కొండ నడుము చుట్టూ అది అలా పోతూనే ఉంది. ఒకవైపు మంటొస్తే రెండోవైపు గడ్డి మిగలాలని. మంట గీత దాటితే ఏం చేస్తారని అడిగాను.

"పచ్చి కొమ్మలు ఇరుసుకొని, గాలి యా పక్క తిరుగుతుందో చూసుకొని కొట్టడమే." మోచేతి మీద నిగనిగలాడుతున్న పాత కాలిన మచ్చ చూపించాడు. "ఫోన్లొచ్చినాక మేలు. యా కొండ మీద పొగ లేసినా నాలుగూర్లకు తెలుస్తాది."

చిగర, చండ్ర, తంగేడు, బందారు పొదల మధ్య దిగితే వంక. ఎండాకాలం ముంగిట్లో కూడా పాదం మునిగేంత నీళ్లున్నాయి. ఒడ్డున ఈతచెట్లు. ఈతాకుతో చీపుర్లు కడతారు, బోదగడ్డి ఇళ్ల కప్పుకు పోతుంది, మిగతా గడ్డి జీవాలకు. వంకలోని ఇసుకలో పెద్దాయన వంగి ఒక అడుగు చూపించాడు. తోడేలుదట. గొర్రె పోయిన ఇల్లు దాన్ని తిట్టకుండా ఉండదని ఆయనే అన్నాడు. అయినా దాన్ని చంపుదామనే మాట ఆయన నోట రాలేదు.

సీమ పల్లెల గురించి రాస్తూ ఫ్యాక్షన్ పేరు ఎత్తకుండా ఉండలేను. 1990లలో ఈ చుట్టుపక్కల పొద్దుగూకాక ఇల్లు దాటాలంటే ఆలోచించాల్సి వచ్చేది. అవే రోజుల్లో ఈ కొండల కింది ఊళ్లవాళ్లు చెట్టు నీడన కూర్చుని ఎవరి జీవాలు ఏ వైపు తోలాలి, గడ్డి ఎప్పటినుంచి కొయ్యాలి, పచ్చిచెట్టు కొడితే జరిమానా ఎంత అని తేల్చుకోవడం నేర్చుకున్నారు. గడ్డి వల్ల ఫ్యాక్షన్ ఆగిందని నేననను. దానికి సవాలక్ష కారణాలున్నాయి. కానీ వేరే ఊరివాడి మాట పూర్తిగా వినడం, ఒప్పుకున్న మాట మీద మరుసటి ఏడాది దాకా నిలబడడం సాధన చేస్తేనే వస్తాయి. ఆ సాధనకు ఇక్కడ చోటు దొరికింది. కరువు ఏడాది దూరపు మండలాల కాపరులు మందలతో వచ్చినప్పుడు వాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడి చోటిస్తారని విన్నప్పుడు నాకు నిజంగా గుండె నిండింది.

గుట్ట అంచుకు చేరాక మాత్రం మనసు చివుక్కుమంది. వరసగా గాలిమరలు. 2010 తర్వాత వచ్చినవి. బొగ్గు కాల్చకుండా కరెంటు రావాలనేదాంట్లో నాకు రెండో మాట లేదు, ఈ మరలు తిరగాల్సిందే. కానీ వాటి రెక్కలు మోసే బండ్ల కోసం కొండను నిలువునా కోసి వేసిన రోడ్లు చూడండి. కోసిన మట్టీ రాళ్లూ వాలు మీదికి జారి, గడ్డిని కప్పేసి, వంకల్లోకి దిగాయి. కోత ఎంత నిటారుగా ఉందంటే గొర్రెలు దాటలేవు. ఏళ్ల తరబడి కాచినవాళ్లను ఒక మాట అడగలేదా అంటే, రెవెన్యూ కాగితాల్లో ఇదంతా బంజరే. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలోకి గాలి కరెంటు రాదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వ్యవహారం వెళ్లింది. కొండను కాచిన ఊళ్లకు దాని మీద చట్టపరమైన హక్కు లేనంతకాలం, మంచి పేరుతో వచ్చే పని కూడా ఇలాగే తవ్విపోతుందని నా భయం.

రాత్రి ఊళ్లో భోజనం. కొర్రన్నం, పప్పు, ఊరిబిండి. వడ్డించిన అక్క ధరణి సహకార సంఘంలో సభ్యురాలు. 2008లో పెట్టిన ఆ సంఘం రైతులదే. కొర్ర, సామ, అరిక, రాగి, శెనక్కాయ కొని, శుభ్రం చేసి, అమ్ముతుంది. మందులు వాడలేదని బయటి ఆఫీసరు కాదు, గుంపులోని తోటి రైతులే ఒకరి చేను ఒకరు చూసి చెప్పాలి.

"పక్క చేన్లో మందు వాసనొస్తే నేనే చెప్పాల. చెప్పకపోతే గుంపు సర్టిఫికెట్టు పోతాది" అంది. మొహమాటం ఉండదా అంటే, "యాల ఉండదు? ఉన్నా చెప్పాల్సిందే కదన్నా" అంది.

వాన వెనకబడి శెనక్కాయ చేతికి రాకపోయినా కొర్ర నాలుగు గింజలైనా ఇస్తుందని ఆమె లెక్క. అయితే రేటు కంటే ఆమెను ఎక్కువ కలవరపెడుతున్నది మనుషుల సంగతి. వాచర్లు ముసలివాళ్లయ్యారు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఊరి కుర్రాళ్లు కొండ కంటే ఆ ఫ్యాక్టరీ వైపే చూస్తున్నారు. చూడడంలో తప్పేముంది, నెల జీతం కదా. ఆమె కొడుకూ అక్కడే.

మేం తింటుండగా కబురొచ్చింది. దక్షిణం వైపు గీత ఇంకా పూర్తి కాలేదు, వచ్చే వారం ఇంటికొక మనిషి రావాలి. ఆమె కొడుకు ఫోన్‌లో షిఫ్టు చూసుకున్నాడు. నైట్ డ్యూటీ.

"పగలు వస్తా."

"మరి నిద్ర?" అంది వాళ్లమ్మ.

"గీత అయినాక పండుకుంటాలేమ్మా" అని, పార పిడి వదులైందని గుర్తొచ్చి, చెయ్యి కడుక్కుని దాన్ని వెతకడానికి లేచాడు.