మేడిపల్లి నుంచి అంతర్వేదికి పడవ ప్రయాణం

హైదరాబాదుకు తూర్పుగా, ఉప్పల్ దాటి వరంగల్లు రోడ్డున పోతే మేడిపల్లి వస్తుంది. అక్కడి పిల్లలను ఆపి, "మీ ఊరినుంచి సముద్రానికి పడవలో వెళ్ళవచ్చునా?" అని అడగండి. పకపకా నవ్వుతారు. మేడిపల్లి ఎక్కడ, సముద్రం ఎక్కడ! అక్కడి వాళ్ళకు పడవ అంటే వానపడ్డప్పుడు వీధి కాలువలో వదిలే కాగితం పడవే.

అయితే బాలలూ, ఆ కాగితం పడవ నానిపోకుండా, ఎక్కడా చిక్కుకోకుండా అలా పోతూనే ఉంటే చివరకు ఎక్కడ తేలుతుందో మీరెప్పుడైనా ఆలోచించారా? ఇవాళ మనం దాని వెంట బయలుదేరుదాం. దారిలో అది కాగితం పడవగా ఉండక, మనం ఎక్కి కూర్చునే నిజం పడవ అవుతుంది. ఎక్కడ అవుతుందో మీరే చూస్తారు.

మేడిపల్లిలో కురిసిన వాన కాలువలూ వాగులూ పట్టుకుని దక్షిణంగా దిగి మూసీలో కలుస్తుంది. ఈ మూసీ వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు మధ్యగా వచ్చి, సుమారు 240 కిలోమీటర్లు నడిచి, నల్లగొండ జిల్లాలోని వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మూసీలో పెద్ద పడవలు నడవవు. లోతు చాలదు, రాళ్ళు ఎక్కువ. సూర్యాపేట దగ్గర ఆనకట్ట కూడా అడ్డం ఉంది. పైగా ఇంత పెద్ద నగరం వదిలే మురుగంతా మోస్తూ ఆ నది నల్లబడి పోతోంది. కాబట్టి మన కాగితం పడవ ముక్కు మూసుకుని, గబగబా వాడపల్లి చేరుకుందాం.

అక్కడ ఒక వింత ఉంది. వాడపల్లికి దగ్గరలోనే వజీరాబాదు అనే ఊరున్నది. ఆ ఊరినుంచి విజయవాడ దాకా కృష్ణానదిలో 157 కిలోమీటర్ల దూరాన్ని మన ప్రభుత్వం 2008లో జాతీయ జలమార్గంలో చేర్చింది. లారీలకు జాతీయ రహదారి ఉన్నట్టే, పడవలకు జాతీయ జలమార్గం అన్నమాట. దీని నంబరు 4. కృష్ణలో ఈ భాగమూ, గోదావరిలో భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం దాకా ఒక భాగమూ, కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా పోయే కాలువలూ అన్నీ కలిపి అప్పుడు లెక్కవేస్తే 1,078 కిలోమీటర్లు తేలింది. చూశారా! మీ వీధిలో వదిలిన కాగితం పడవ సరాసరి ఆ రాజమార్గం మొదటికే వచ్చింది. ఇక్కడినుంచి దాన్ని నిజం పడవగా మార్చుకుని ఎక్కి కూర్చుందాం.

పులిచింతల ఆనకట్ట అడ్డం వస్తుంది. మనది ఊహల పడవే గనక దాటేస్తాం. బౌద్ధస్తూపానికి పేరుపడ్డ అమరావతిని కుడిచేతి వైపు చూస్తూ విజయవాడ చేరుకుంటాం. అక్కడ 1957లో పూర్తయిన ప్రకాశం బరాజు ఉన్నది. అంతకు పూర్వం, 1855లోనే, అక్కడొక ఆనకట్ట కట్టారు. దానికి కాస్త ముందు, 1847 నుంచి 1852 దాకా, ఆర్థర్ కాటన్ దొర గోదావరికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. 1833 ప్రాంతంలో ఈ సీమలో ఘోరమైన కరువు వచ్చింది. డొక్కల కరువని పెద్దలు దాన్ని చెప్పుకునేవారు. నదులు నిండుగా సముద్రంలోకి పోతూ ఉండగా ఒడ్డున ఉన్నవాళ్ళు ఆకలితో చచ్చిపోవడం ఏమిటని కాటన్ ఆలోచించాడు. ఆనకట్ట కట్టి, నీళ్ళు కాలువలకు మళ్ళిస్తే పైర్లు పండుతాయి. ఇది అందరికీ తెలిసిన సంగతే. తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆ కాలువలు నీళ్ళకోసమే కాదు, పడవలకోసం కూడా తవ్వారు! ఈ దేశానికి రైళ్ళకంటే పడవలే చవక అని కాటన్ చివరిదాకా వాదిస్తూ వచ్చాడు.

అందులో తెలివి ఏమిటో చూడండి. మంచి రోడ్డు మీద ఒక గుర్రం రెండు టన్నుల బండిని లాగడమే కష్టం. అదే గుర్రం గట్టు మీద నడుస్తూ కాలువలో పడవకు కట్టిన తాడు లాగితే 30 టన్నులకు పైగా తీసుకుపోగలదు. బండి బరువంతా చక్రాల మీద పడి నేలను రాసుకుంటుంది. పడవ బరువును నీళ్ళే మోస్తాయి. నెమ్మదిగా పోయినంతసేపూ నీరు పెద్దగా అడ్డుచెప్పదు.

విజయవాడలో మనకు రెండు దార్లున్నాయి. నదికి అవతలి ఒడ్డున సీతానగరం దగ్గర కొమ్మమూరు కాలువ పడితే పెదగంజాం, అక్కడినుంచి బకింగ్‌హాం కాలువ మీద చెన్నపట్నం చేరవచ్చు. 1877 ప్రాంతంలో వచ్చిన పెద్ద కరువులో కూలి కోసం వచ్చిన పేదవాళ్ళు ఆ కాలువలో కొంత భాగం తవ్వారు. సముద్రాన్ని ఆనుకునే పోతుందది. 2004లో సునామీ వచ్చినప్పుడు చాలాచోట్ల ఆ కాలువే అలల నీటిని మింగి, వెనక ఉన్నవాళ్ళను కాచింది.

మనం మాత్రం అటు పోక, ఇవతలి ఒడ్డున ఏలూరు కాలువలోకి మళ్ళుదాం.

నదిలో ప్రయాణం వేరు, కాలువలో ప్రయాణం వేరు. కాలువలో పడవ మనిషి నడిచినంత వేగానే పోతుంది. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తుతారు. లేకపోతే ఒకడు గెడవేస్తాడు. ఇద్దరు మోకు భుజాన వేసుకుని, గట్టు మీద వంగి నడుస్తూ లాగుతారు. మరొకడు చుక్కాని పట్టుకుంటాడు. పూర్వం ఈ పడవల్లో బియ్యం బస్తాలూ, ఉప్పూ, కట్టెలూ, కొబ్బరికాయలూ పోయేవి. పెళ్ళివారు పోయేవారు. పరీక్షలకు వెళ్ళే పిల్లలు లాంతరు పెట్టుకుని చదువుకుంటూ పోయేవారు. పడవలోనే వంట, పడవలోనే పడక. రాత్రి పడుకుంటే తెల్లవారేసరికి మరో ఊరి రేవు.

అదిగో, ముందు లాకులు వచ్చాయి! లాకు అంటే పడవలు ఎక్కి దిగే మెట్టు. నీళ్ళు పల్లానికి పోతాయి గనక కాలువ అక్కడక్కడ ఒక్కసారిగా నాలుగడుగులో, ఎనిమిదడుగులో కిందికి దిగవలసి వస్తుంది. అక్కడ పడవ దూకితే ముక్కలైపోదూ? అందుకని గట్టి గోడలతో ఒక తొట్టి కట్టి, దానికి ముందొక జత, వెనకొక జత తలుపులు పెట్టారు. మన పడవ తొట్టిలోకి వెళ్ళగానే వెనక తలుపులు మూస్తారు. తరవాత ముందు తలుపుల్లో ఉన్న చిన్న తూములు ఎత్తుతారు. తొట్టిలో నీరు బయటకు పోతున్నకొద్దీ పడవ కూడా మెల్లగా, లిఫ్టులో దిగినట్టు, దిగుతుంది. రెండు వైపులా నీటిమట్టం ఒకటైన తరవాత తలుపులు తెరుస్తారు. పడవ హాయిగా ముందుకు సాగిపోతుంది. పైకి ఎక్కాలంటే ఇదే పని తలకిందులుగా: కింది తలుపులు మూసి, పైనుంచి నీరు వదిలితే పడవ నీటితోపాటే పైకి లేస్తుంది. యంత్రం లేదు, నిప్పు లేదు. పని అంతా నీటి బరువు చేస్తుంది.

తలుపుల తమాషా గమనించారా? మూసినప్పుడు అవి తిన్నగా ఉండవు. నమస్కారం పెట్టే ముందు దగ్గరకు తెచ్చిన చేతుల్లాగా, ఎగువ వైపుకు మొనతేలి ఉంటాయి. ఎగువ నీరు ఎంత నెడితే అవి అంత బిగుసుకుంటాయి. మట్టం సమం కాకముందు పదిమంది పహిల్వానులు లాగినా రావు. సమం అయితే సులువుగా తెరుచుకుంటాయి.

ఇలా దిగుతూ దిగుతూ ఏలూరు చేరుకుంటాం. ఇటునుంచి కృష్ణ నీరు తెచ్చే కాలువ, అటునుంచి గోదావరి నీరు తెచ్చే కాలువ ఇక్కడే కలుసుకుంటాయి. ఇంతవరకు నీటివాలున వచ్చాం. ఇక ఎదురు ప్రయాణం. మోకు లాగేవాళ్ళకు కష్టం పెరుగుతుంది. లాకుల్లో ఇప్పుడు దిగం, ఎక్కుతాం. తాడేపల్లిగూడెం, నిడదవోలు మీదుగా గోదావరి గట్టున విజ్జేశ్వరం చేరేసరికి విజయవాడ నుంచి 139 కిలోమీటర్లు వచ్చామన్నమాట.

విజ్జేశ్వరం నుంచి నరసాపురం వైపు దిగే కాలువ పట్టుకుందాం. ఇరుపక్కలా వరిచేలూ, కొబ్బరితోటలూ. నరసాపురం పేరుపడ్డ పాత రేవు. 17వ శతాబ్దంలో ఐరోపా వర్తకులు కూడా ఇక్కడ ఓడలు కట్టించుకున్నారు. అక్కడ వశిష్ఠ గోదావరిలోకి దిగి, పాటుతో కిందికి పోతే అంతర్వేది. నది ముగిసి సముద్రం మొదలయ్యే చోటు! అక్కడ లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉన్నది. మాఘమాసంలో భీష్మ ఏకాదశినాడు రథోత్సవం జరుగుతుంది.

రోడ్లు లేని రోజుల్లో ఆ తీర్థానికి జనం ఎక్కువగా పడవల మీదే వచ్చేవారు. కోనసీమ కాలువల్లోంచి కొన్ని, నరసాపురం వైపునుంచి కొన్ని వచ్చి, రేవులో పక్కపక్కనే కట్టేసుకునేవి. ఒక పడవ మీదనుంచి మరొక పడవ మీదికి దాటుతూ పిల్లలు గంతులు వేసేవారు. చీకటి పడితే పడవపడవకూ దీపం. పొయ్యిల పొగ, తిరనాళ్ళ బూరల చప్పుడు. తెలిసిన పడవవాళ్ళు ఏడాదికొకసారి అక్కడ కలుసుకుని, ఏ కాలువలో మేట వేసింది, ఏ లాకు పాడైంది చెప్పుకునేవారు.

రథం ఇప్పుడూ కదులుతుంది, జనమూ ఇప్పుడు ఇంకా ఎక్కువగా వస్తారు. కాని బస్సుల్లో, కార్లలో వస్తారు. 1890 తరవాత రైళ్ళు వచ్చి, ఆ తరవాత లారీలు వచ్చి, కాలువల మీద సరుకుల పడవలు తగ్గిపోయాయి. పడవలు లేవు కదా అని వంతెనలు తక్కువ ఎత్తున కట్టారు. వంతెనలు తక్కువ ఎత్తున ఉన్నాయి కదా అని పడవలు రావడం మానేశాయి. లాకుల తలుపులు తుప్పుపట్టాయి. గుర్రపుడెక్క అల్లుకున్నది. మోకు లాగిన చేతులు వేరే కూలి వెతుక్కున్నాయి.

ఇది మన ఒక్కరి కథే కాదు. ఇంగ్లండులో కూడా ఇలాగే జరిగింది. అక్కడి కాలువ పడవలు ఏడడుగుల వెడల్పు, 70 అడుగుల దాకా పొడవు ఉండేవి. లాకులు అంత సన్నం మరి! వెనక ఉన్న చిన్న గదిలో పడవవాడూ, పెళ్ళామూ, పిల్లలూ కాపురముండేవారు. గుర్రం గట్టున లాగేది. రైళ్ళూ, లారీలూ వచ్చి ఆ కాలువలు కూడా పూడిపోసాగాయి. అప్పుడు 1946లో కొందరు కలిసి, కాలువలను కాపాడడానికి ఒక సంఘం పెట్టారు. 1950 ఆగస్టులో మార్కెట్ హార్బరో అనే ఊళ్ళో పడవల పండుగ జరిపారు. ఎక్కడెక్కడినుంచో వందకు పైగా పడవలు వచ్చి చేరాయి. అన్ని పడవలను ఒకచోట చూసిన జనానికి, తమ ఊరి మురికికాలువ ఒకప్పుడు దారి అన్న సంగతి గుర్తుకువచ్చింది. తరవాత ఏళ్ళలో ఎందరో సెలవురోజుల్లో పారలు పట్టుకుని వచ్చి, మూతబడ్డ కాలువలను తవ్వి తెరిచారు. ఇప్పుడు అక్కడ వేలాది పడవలు తిరుగుతున్నాయి.

మన కాలువలు పూడిపోలేదు, బాలలూ! అవి ఇప్పటికీ లక్షల ఎకరాలు తడుపుతున్నాయి. కాటన్ అప్పగించిన రెండు పనుల్లో ఒకటి చేస్తూనే ఉన్నాయి. రెండోది మనం మరిచిపోయాం, అంతే. దారి ఎవరూ నడవకపోతే ముళ్ళు మొలుస్తాయి. నీటిదారి కూడా అంతే.

మీ తాతయ్యదో, అమ్మమ్మదో కృష్ణా గోదావరి సీమ అయితే, ఈసారి వెళ్ళినప్పుడు అడగండి: "నువ్వు పడవ మీద తీర్థానికి వెళ్ళావా? ఏ రేవులో ఎక్కావు?" వాళ్ళు చెప్పింది ఒక కాగితం మీద రాసుకోండి. ఆ దారి గుర్తున్నవాళ్ళు ఇంక ఎంతోమంది లేరు.

మేడిపల్లి పిల్లలకు మరొక మాట. ఈసారి వాన పడినప్పుడు మీరూ కాగితం పడవ వదలండి. అది రెండు వీధులు దాటకుండానే నానిపోతుంది, ఫరవాలేదు. కాని ఆ కాలువలో ఎవరైనా పాలిథిన్ సంచీ పడేస్తే అది నానదు. మూసీలో పడి, కృష్ణలో పడి, ఎంతదూరమైనా పోతుంది. మీ వీధికీ సముద్రానికీ నీటిదారి ఉన్నదని ఇప్పుడు మీకు తెలుసు. ఆ దారిన ఏమి పంపాలో మీరే చెప్పండి.