డబ్బా పెట్టిన చోటు

మాది పల్నాడు. ఎండాకాలం వచ్చిందంటే రెంటచింతల పేరు పేపర్లో పడుతుంది. మా ఊరు దానికేం తీసిపోదని నా నమ్మకం. రిటైరయ్యాక చిన్న వాతావరణ కేంద్రం ఒకటి కొని డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన బిగించింది కూడా, నిజం చెప్పాలంటే, ఆ నమ్మకానికి సాక్ష్యం కోసమే. మే నెలలో ఒక మధ్యాహ్నం 48 డిగ్రీలు చూపించింది. వీధంతా చెప్పి వచ్చాను.

సాయంత్రం వరసకు బాబాయి అయ్యే పెద్దాయన చూడటానికి వచ్చాడు. ఎనభై దాటినవాడు. మెట్ల మీద చెప్పులు విడిచి డాబా మీద కాలు పెట్టబోయి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "అబ్బాయ్, ఇది ఊరి ఎండ చెప్తోందా, నీ డాబా ఎండ చెప్తోందా?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున చూస్తే డాబా మీద 33. పొలం గట్టున నిలబడితే మాత్రం ఒంటికి చల్లగాలి తగిలింది. పగలంతా తాగిన ఎండను సిమెంటు రాత్రంతా కక్కుతోంది. పిల్లలకు ఉష్ణప్రసారం పాఠం ముప్పై ఏళ్లు చెప్పినవాణ్ణి నేను!

అప్పుడు కూర్చుని చదివాను. థర్మామీటరు నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తున, గాలాడే తెల్ల చెక్కపెట్టెలో ఉండాలి. కింద గడ్డినేల ఉండాలి. తలుపు తీసినా లోపల ఎండ పడకుండా మన దేశంలో దాన్ని ఉత్తరం వైపు పెడతారు. ఆ పెట్టెను రూపొందించిన థామస్ స్టీవెన్‌సన్ లైట్‌హౌస్‌లు కట్టే ఇంజనీరు; చోటు విలువ ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? గాలి కొలిచే పరికరం 10 మీటర్ల ఎత్తున, అడ్డుగా ఉన్నదాని ఎత్తుకు పదింతల దూరంలో ఉండాలట. వానమాపకానికి కనీసం రెండింతల దూరం కావాలి. నాది ట్యాంకుకు జానెడు దూరంలో ఉంది.

పరికరం అబద్ధం చెప్పలేదు. నేను పెట్టిన చోటు సంగతే చెప్పింది. నన్ను ఇప్పటికీ తొలిచేది వేరే. అది 38 చూపించి ఉంటే ఆ పూటే విప్పి చూసేవాణ్ణి కాదూ? నచ్చిన అంకె వచ్చినప్పుడు అది ఎక్కణ్ణుంచి వచ్చిందని మనం అడగం. పైగా ఆ చోటును ఎంచింది గాలి కోసమా, వాన కోసమా? రెండూ కాదు. మెట్లెక్కగానే నాకు కనబడాలని.

ఇప్పుడది బాబాయి బీడులో ఉంది. మేకలు రాకుండా చుట్టూ కంప నాటాం. రోజూ పొద్దున్నే అంత దూరం నడవాలి; ఒక్కోసారి వానమాపకం గరాటులో సాలెగూడు తీయాలి.

అక్కడికి మార్చిన మొదటి రోజు 44 దగ్గరే ఆగింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. బాబాయే దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు:

"రెంటచింతల కన్నా తక్కువేనంటావా?"