పేరు చెప్పని మూట

పార్లమెంటు ప్రశ్నోత్తరాలను ఏళ్ల తరబడి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో భద్రపరుస్తున్నాను. మొన్న ఒక వ్యాసానికి పాత లెక్క అవసరమై బ్యాకప్ తెరిస్తే అర్థంకాని గుర్తుల గుట్ట కనిపించింది. ఫైలు పేరు చివర ఎస్‌క్యూఎల్ అని ఉంది. లోపల ఉన్నది జీజిప్. తప్పు నాదే. కుదింపు కోసం పీజీ డంప్‌కు 9 అనే అంకె మాత్రమే ఇచ్చాను. పద్ధతి పేరు లేని అంకెను అది జీజిప్ స్థాయిగానే తీసుకుంటుంది. మనం పెట్టిన ఫైలు పేరును సరిదిద్దదు.

ఒకే పద్ధతి ఉన్న కాలంలో ఆ మౌనం చెల్లింది. 2023లో వచ్చిన 16వ వెర్షన్‌తో ఎల్‌జడ్4, జడ్‌ఎస్‌టీడీ కూడా చేరాయి. పద్ధతిని పేరుతో, స్థాయిని అంకెతో విడిగా చెప్పే వీలు కలిగింది. వీలుండీ చెప్పకపోవడం అలసత్వమే.

2016లో ఆధార్ బిల్లుకు ద్రవ్య బిల్లు అనే పేరు పెట్టినందువల్లనే రాజ్యసభ సూచించిన సవరణలను లోక్‌సభ తోసిపుచ్చగలిగింది. పేరులోని బలాన్ని గురించి అంతగా రాసిన నేను, నా ఇంటి మూటకు సరైన చీటీ అతికించలేదు. ఇకపై ప్రతి బ్యాకప్ పేరులోనూ కుదింపు పద్ధతి ఉంటుంది. కట్టినవాడు మరచినా, విప్పేవాడికి తెలియాలి.