పెద్దక్షరాల బైబిలంత కంప్యూటరు

"పాస్టరుగారికి కంప్యూటర్లు విప్పడం, బిగించడం దేనికండీ?" అని పొరుగు సంఘాలవారు కొందరు నన్ను అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. వేదాంత విద్యలో డిప్లొమా చేసినవాడినే గాని, నేను ఏ యంత్ర విద్యా నేర్చుకోలేదు. విప్పిందీ, బిగించిందీ మా సంఘంలోని ఒక యౌవనస్థుడు. నేను పక్కన టార్చిలైటు పట్టుకొని నిలబడ్డాను. అయితే ఆ పనికి ఖర్చయిన డబ్బు మా స్త్రీల సమాజానిది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా వారు తీసి దాచిన పిడికెడు బియ్యం అమ్మగా కూడిన డబ్బు. దాని లెక్క చెప్పవలసిన బాధ్యత నాది గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇలాంటి అవసరమే మీ ఊళ్ళోనూ ఉంటే మీకూ ఉపయోగపడవచ్చు.

మా అవసరం

మాది దొరవారిసత్రం. మద్రాసు రైలు మార్గంలో నాయుడుపేటకూ సూళ్లూరుపేటకూ నడుమనున్న ఊరు. 2022లో తిరుపతి జిల్లాలో కలిసినా, ఎక్కడివారని అడిగితే మా నోట ఇంకా నెల్లూరనే వస్తుంది. తూర్పున పులికాట్ సరస్సు, దాని ఆవల శ్రీహరికోట. గూడబాతులు వచ్చి గూళ్ళు కట్టుకొనే నేలపట్టు మా మండలంలోనిదే.

మా పిల్లలు పదో తరగతి దాటగానే దరఖాస్తుల కాలం మొదలవుతుంది. పాలిసెట్, ఈఏపీసెట్, స్కాలర్‌షిప్పులు, హాల్‌టిక్కెట్లు, కౌన్సెలింగ్ ఆప్షన్లు అన్నీ కంప్యూటరులోనే. సెల్‌ఫోనులో నింపుదామంటే సగం నింపాక పేజీ పోతుంది. సర్టిఫికెట్టు చెప్పిన సైజులో పెట్టడం రాదు. నెట్ సెంటరుకు వెళ్ళాలంటే బస్సెక్కాలి. మగపిల్లలు ఎలాగో వెళ్ళివస్తారు. పొద్దుగూకేవేళ ఆడపిల్లను పంపడానికి తండ్రులకు మనసొప్పదు. దరఖాస్తు వేయలేక ఒక సంవత్సరమంతా ఇంట్లో కూర్చున్న పిల్లలు మా సంఘంలో ఉన్నారు.

మందిరం పక్క గదిలో అంతకుముందు ఒక పాత కంప్యూటరు ఉండేది. ఎవరో శ్రేయోభిలాషి ఇచ్చిన పెద్ద టవర్ పెట్టె. ఉప్పుగాలికి దాని ఇనుము తుప్పు పట్టింది, లోపల బల్లులు గుడ్లు పెట్టాయి. ఒక వానాకాలం తరువాత అది మరి లేవలేదు.

2024 ఎండాకాలంలో సంఘ పెద్దల ముందుకు ఈ మాట వచ్చింది. స్త్రీల సమాజం పెట్టెలో 21,400 రూపాయలున్నాయి. కొత్త కంప్యూటరుకు మానిటరుతో కలిపి అంగడివారు చెప్పిన ధర 42,000. అప్పుడు ఆ యౌవనస్థుడు లేచి, "అయ్యగారూ, నాకు అప్పగిస్తే ఇందులోనే చేసిపెడతాను" అన్నాడు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ముగిసి, ఏడాదిగా ఇంటిపట్టున ఉన్నవాడు. "మావాడు పాత సామాను విప్పుకుంటూ కూర్చుంటాడు" అని వాళ్ళ నాన్న నలుగురిలో చెప్పుకొని బాధపడేవాడు.

పెద్దల్లో ఒకాయన, "ఆడబిడ్డల బియ్యం డబ్బు అబ్బాయ్ ఇది. పాతవస్తువు మీద పెట్టి, రేపది చెడిపోతే ఎవరికి చెప్పుకుంటాం?" అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. కుర్రవాడు కోపగించుకోలేదు. వారం గడువడిగి, ఒక నోటుబుక్కులో ప్రతి వస్తువూ, దాని ధరా, అది చెడిపోతే ఏం చేయాలో రాసుకొని వచ్చి చదివి వినిపించాడు. ఆ పుస్తకం చూశాకే పెద్దలు సరేనన్నారు.

ఇంత చిన్నది ఎలా సాధ్యం?

కంప్యూటరంటే బల్లకింద నిలబెట్టే పెద్ద పెట్టె అని మనకు అలవాటైంది. దానికి కారణం లోపలుండే మదర్‌బోర్డు. 1995లో ఇంటెల్ కంపెనీ నిర్ణయించిన ఏటీఎక్స్ కొలత ప్రకారం ఆ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు. దానికి తగ్గట్టే పెట్టె. 2001లో తైవాన్‌కు చెందిన వయా కంపెనీ మినీ ఐటీఎక్స్ అనే కొలత తెచ్చింది. అది అటు 17 సెంటీమీటర్లు, ఇటు 17 సెంటీమీటర్లు, అంతే. తరువాత పెద్ద కంపెనీలు ఆఫీసుల కోసం ఇంకా పలుచని యంత్రాలు చేశాయి. అవి సుమారు 18 సెంటీమీటర్ల చదరం, మూడున్నర సెంటీమీటర్ల మందం ఉంటాయి. ఒక లీటరు పాలు పట్టే చోటులో కంప్యూటరంతా ఇమిడిపోతుంది. మా అవ్వలకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే, పెద్దక్షరాల బైబిలంత.

ఇంత చిన్నదాన్ని చేయడానికి మూడు ఉపాయాలు చేశారు. కరెంటును మార్చే భాగాన్ని పెట్టెలోనుండి తీసేసి, ల్యాప్‌టాప్‌కు ఉన్నట్టు బయట అడాప్టరుగా పెట్టారు. మెమొరీ కూడా ల్యాప్‌టాప్‌లో వాడే పొట్టి కార్డే. ఇక ప్రాసెసరు తక్కువ వేడి పుట్టించే రకం. ఇంటెల్ వాటిలో పేరు చివర టి అక్షరం ఉన్నవి ఇలాంటివి. మేము కొన్నది ఎనిమిదో తరం ఐ5-8500టి. ఆరు కోర్లున్నా దాని వేడి లెక్క 35 వాట్లే.

చిన్నదంటే తక్కువదని మా వాళ్ళు కొందరు అనుకున్నారు. వారికి నేను 2017 ఫిబ్రవరి 15 గుర్తుచేశాను. ఆ ఉదయం మేడలెక్కి మనమందరం చూసిన పీఎస్ఎల్‌వీ-సీ37 రాకెట్టు ఒకేసారి 104 ఉపగ్రహాలను పైకి తీసుకుపోయింది. వాటిలో 88 ఒక అమెరికా కంపెనీవి. ఒక్కొక్కటి పది సెంటీమీటర్ల చదరం, ముప్పై సెంటీమీటర్ల పొడవు, ఐదు కిలోలలోపు బరువు. అంతంత చిన్నవే భూమిని ఫోటోలు తీశాయి.

రిచీ వీధిలో

సామాను కోసం ఇద్దరం సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కి చెన్నై వెళ్ళాం. మౌంట్ రోడ్డు దగ్గర చింతాద్రిపేటలోని రిచీ వీధి ఎలక్ట్రానిక్ సామానుకు పేరుపొందిన బజారు. నరసింగపురం వీధి, వాలర్స్ రోడ్డు కూడా దానిలో కలిసినట్టే ఉంటాయి. ఆఫీసులు వాడి తీసేసిన యంత్రాలు అక్కడ దొంతర్లుగా పెట్టి అమ్ముతారు.

మొదటి అంగట్లో ధర బాగానే కుదిరింది. డబ్బు తీయబోతుంటే మావాడు నన్ను ఆపి, ముందు యంత్రాన్ని వెలిగించి లోపలి సెట్టింగులు తెరవబోయాడు. పాస్‌వర్డ్ అడిగింది. పాత ఆఫీసువారు వేసిన తాళం. అది తీయకపోతే ముందుముందు ఏ మార్పూ చేసుకోలేం. "అదేం అక్కర్లేదు, వాడుకోవచ్చు" అన్నాడు అంగడతను. మేము దణ్ణం పెట్టి బయటకు వచ్చేశాం. మూడో అంగట్లో దొరికిన యంత్రాన్ని గంటసేపు అక్కడే నడిపించి, డిస్కు ఎన్ని గంటలు తిరిగిందో చూసి, ఫ్యాను చప్పుడు విని, అడాప్టరు ఆ కంపెనీదేనా అని పరీక్షించి తీసుకున్నాం. కొన్ని యంత్రాలు వేరే అడాప్టరు పెడితే గుర్తుపట్టి ప్రాసెసరు వేగాన్ని తగ్గించేస్తాయట. ఎనిమిదో తరమే ఎందుకంటే విండోస్ 11ను ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు అక్కడినుండే అధికారికంగా అనుమతిస్తారు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోతుందని మావాడికి అప్పటికే తెలుసు.

లెక్క ఇది: యంత్రం 11,500. అదనపు మెమొరీ 1,500. వాడిన 22 అంగుళాల మానిటరు 3,200. బిగించే పట్టీ 450. కీబోర్డు, మౌసు 700. వైఫై పరికరం 500. చిల్లర సామాను 350. ఇద్దరి ప్రయాణం, భోజనం 600. మొత్తం 18,800. మిగిలిన 2,600 పెట్టెలో తిరిగి వేశాం.

చేసిన మార్పులు

మా ఇంట్లో బల్లమీద తెల్లదుప్పటి పరిచి, స్క్రూలు కలిసిపోకుండా గుంటల పళ్ళెంలో వరుసగా పెట్టుకొని, మావాడు పని మొదలుపెట్టాడు. ప్రాసెసరుకూ దాని వేడిని లాగే లోహపు దిమ్మెకూ మధ్య ఒక లేపనం ఉంటుంది. కంటికి కనబడని సందులను అది పూడ్చి వేడిని దాటిస్తుంది. ఏళ్ళు గడిచి అది సున్నంలా ఎండిపోయింది. పాతది తుడిచి, కందిగింజంత కొత్తది పెట్టాడు. ఫ్యాను రెక్కల దుమ్ము కుంచెతో దులిపాడు. గడియారాన్ని నడిపే బిళ్ళ బ్యాటరీ మార్చాడు. ఒకే మెమొరీ కార్డున్న చోట దానికి జోడుగా రెండోది పెట్టాడు. ఒక కాలువలో పారే నీరు రెండు కాలువల్లో పారినట్టు పని చురుకవుతుందని నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

మా ఊరికి పనికొచ్చే మార్పు మాత్రం పెట్టె బయట జరిగింది. దుమ్ము రాకుండా గాలి సందులకు దోమతెర గుడ్డ అంటించి చూశాడు. గాలి ఆడక లోపలి వేడి ఆరు డిగ్రీలు పెరిగింది. ఆ అంకె నోటుబుక్కులో రాసి, గుడ్డ పీకేసి, కాస్త పెద్ద కన్నాల వల వేశాడు. వేడి తగ్గింది. ఊహించి సరిపెట్టుకోకుండా ప్రతిసారీ కొలిచి రాసుకోవడం అతని పద్ధతి.

తరువాత యంత్రాన్ని మానిటరు వెనుక బిగించాడు. మానిటరు వీపున పది సెంటీమీటర్ల దూరంలో నాలుగు రంధ్రాలుంటాయి. అవి అందుకోసమే. రెంటికీ మధ్య గాలి ఆడేందుకు వాషర్లు వేసి వేలెడు ఎడం ఉంచాడు. ఇప్పుడు బల్లమీద కనిపించేది మానిటరు ఒక్కటే. పిల్లల చెంబు ఒలికినా, చీమలు పట్టినా యంత్రానికి తగలవు. ఒక అవ్వ ప్రేమతో పూలు కుట్టిన గుడ్డ తెచ్చి కప్పింది. "అవ్వా, ఆపిన తరువాతే కప్పాలి. నడిచేటప్పుడు దానికి ఊపిరి కావాలి" అని చెప్పాం.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. మందిరంలోని ఇన్వర్టరు బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 1,800 వాట్ అవర్లు. నష్టాలు పోను 1,000 వరకు నమ్ముకోవచ్చు. పాత టవరూ దాని మానిటరూ కలిసి 150 వాట్లు లాగితే ఆరేడు గంటలు వస్తుంది. కొత్తదానికి మానిటరుతో కలిపి మామూలు పనికి 40 వాట్లు చాలు. అంటే ఇరవై గంటలు దాటుతుంది. గాలివాన రోజుల్లో ఈ తేడా ఎంతటిదో కోస్తావారికి వేరే చెప్పనక్కర్లేదు.

సాఫ్ట్‌వేరు విషయంలో దొంగ కాపీలు వద్దని ముందే నిర్ణయించాం. యంత్రంతో వచ్చిన విండోసు, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీసు, కీర్తనలు తెరమీద చూపడానికి ఉచితమైన ఓపెన్‌ఎల్‌పీ చాలినవి.

ఏమి జరిగింది?

సాయంత్రం ఐదునుండి ఏడువరకు ఆడపిల్లలకు, ఆ తరువాత మగపిల్లలకు అని గోడమీద కాగితం అంటించాం. మా ఇంటి అమ్మగారు ఆ వేళ అక్కడే కూర్చుంటారు. మొదటి వేసవిలో ఏడుగురు పిల్లలు తమ దరఖాస్తులు తామే నింపుకున్నారు. వారిలో ఒకమ్మాయికి పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. అంతకుముందు ఏడాది ఇంట్లో కూర్చున్న పిల్ల ఆమె.

అంతా సుఖంగానే జరిగిందనను. మొన్నటి వానాకాలంలో ఒక యూఎస్‌బీ రంధ్రం ఉప్పుతేమకు పచ్చగా చిలుము పట్టి పనిచేయడం మానింది. మావాడు ఆల్కహాలుతో తుడిచి చూశాడు గాని అది తిరిగి రాలేదు. మిగిలినవి ఉన్నాయి గనుక పని ఆగలేదు. ఆ కుర్రవాడికి స్థిరమైన ఉద్యోగం కూడా ఇంకా దొరకలేదు. కాని చుట్టుపక్కల టీచర్లు, అంగళ్ళవారు తమ కంప్యూటర్లు అతని దగ్గరకు తెస్తున్నారు. వాళ్ళ నాన్న ఒక సాయంత్రం గది గుమ్మం దగ్గర నిలబడి, చిన్నకూతురు తెలుగులో తన పేరు టైపు చేస్తుంటే చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు. పాత సామాను మాట ఆయన నోట మళ్ళీ వినలేదు.

లెక్క చదివిన ఆదివారం అవ్వ ఒకామె నన్ను ఆపి, "ఇట్టాంటి పెట్టె ఇంకోటి కావాలంటే ఎన్ని పిడికిళ్ళు పడతాయి అయ్యగారూ?" అని అడిగింది. నవ్వులాటకు కాదు. ఆమె మనుమరాలు వచ్చే ఏడు పదో తరగతి.

ఈ పని తలపెట్టే సంఘాలకు నా మనవి ఇది. కొనేముందు యంత్రాన్ని వెలిగించి తాళం లేదని చూసుకోండి. అడాప్టరు దానిదేనా అని అడగండి. ప్రతి రూపాయీ పుస్తకంలో రాయండి. అన్నిటికంటే ముందు, మీ ఊళ్ళో చదివి ఖాళీగా ఉన్న యౌవనస్థులెవరో చూసి వారిని పిలవండి. మావాడు అడిగింది వారం గడువూ, ఒక నోటుబుక్కూ.